విశాఖ, అరకు దారిలో డాష్‌క్యామ్: అసలు పని పడింది లాడ్జి పార్కింగ్‌లో

రాత్రికి 3,200 రూపాయలు తీసుకుని, "పార్కింగ్ ఫ్రీ సార్, వాచ్‌మన్ ఉంటాడు" అని నమ్మబలికిన విశాఖ లాడ్జిలో తెల్లారి చూస్తే, కారు వెనక బంపర్ ఎడమ మూలన జానెడు గీత. రంగు లేచిపోయి కింద ప్లాస్టిక్ కనిపిస్తోంది. మేనేజరు వచ్చి, వంగైనా చూడకుండా "ఇది పాతది సార్, మీరు వచ్చేటప్పటికే ఉంది" అన్నాడు. సీసీ కెమెరా చూపించమంటే హార్డ్ డిస్కు పాడైందట. లాడ్జిల్లో హార్డ్ డిస్కులు సరిగ్గా అలాంటి రాత్రే పాడవుతాయి.

మా కారు డాష్‌క్యామ్ (అద్దం వెనక ఉండి వీడియో తీసే కెమెరా) జతలో వెనకదానిలో మాత్రం అంతా ఉంది. రాత్రి 2 గంటల 47 నిమిషాలకు దుప్పట్ల మూటలతో ఒక ట్రాలీ ఆటో రివర్సులో వస్తోంది. రానీ రానీ అన్నట్టు చేతులూపుతున్నది ఎవరో కాదు, ఆ వాచ్‌మనే. తగిలిన క్షణంలో రివర్స్ లైటు వెలుగుకు నంబరు ప్లేటు తెల్లటి మచ్చలా కనిపిస్తుంది, ఒక్క అంకె కూడా తెలియదు. ఆటో రెండడుగులు ముందుకు జరిగి ఆ లైటు ఆరాక, నాలుగైదు ఫ్రేముల్లో నంబరు చక్కగా చదవొచ్చు. ఫోన్లో అక్కడ ఆపి చూపించేసరికి మేనేజరు గొంతు తగ్గింది. బంపర్‌కు రంగు వేయడానికి షెడ్డులో 4,500 చెప్పారు. ఒక రాత్రి అద్దె వదులుకుని, మిగతా 1,300 చేతిలో పెట్టాడు. బావగారు "పోనిద్దురూ, టూరుకొచ్చి గొడవెందుకు" అంటూనే ఉన్నారు. వదిన మాత్రం అక్కడ టిఫిన్ కూడా ముట్టలేదు.

ఇంత చిన్నదానికి ఇన్సూరెన్స్‌కు వెళ్లకపోవడమే మంచిది. ఒక్క క్లెయిము పెడితే నో క్లెయిమ్ బోనస్ సున్నాకు వస్తుంది. మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే రాయితీ అది. 4,500 కోసం దాన్ని పోగొట్టుకోవడం దండగ. "వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు" అన్న బోర్డు చూసి జడవాల్సిన పనీ లేదు. తాళం సిబ్బంది చేతికిచ్చి వాళ్లే పార్క్ చేసిన బండి పోతే, ఆ బోర్డు చూపించి హోటల్ తప్పించుకోలేదని 2019 నవంబరులో తాజ్ మహల్ హోటల్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ కేసు దొంగతనం గురించి, గీతల గురించి కాదు. అయినా రిసెప్షన్‌లో మాట్లాడటానికి బలమైన మాటే. అందుకే తాళం ఇస్తే చీటీ తీసుకోండి, మీరే పార్క్ చేస్తే కారు చుట్టూ అర నిమిషం వీడియో తీసుకోండి.

అసలు 2:47కి కెమెరా ఎలా పనిచేసింది? చాలా కార్లలో డాష్‌క్యామ్ సిగరెట్ లైటర్ సాకెట్‌కు గుచ్చి ఉంటుంది. తాళం తీయగానే ఆగిపోతుంది. రాత్రంతా కాపలా కాయాలంటే, కెమెరాను నేరుగా ఫ్యూజు పెట్టెకు కలిపే హార్డ్‌వైర్ కిట్ వేయించాలి. కిట్ 1,450, బిగింపు 800 అయ్యాయి. అందులో మూడు వైర్లుంటాయి: ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు ఒకటి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు ఒకటి, బాడీ ఎర్త్‌కు ఒకటి. రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మల్టీమీటర్‌తో చూడకుండా కలపనివ్వకండి. వైరు కోసి అతికిస్తే వారంటీ దగ్గర షోరూమ్ పేచీ పెడుతుంది. ఫ్యూజు స్థానంలో గుచ్చి కరెంటు తీసుకునే ఫ్యూజ్ ట్యాప్ వాడితే కోత ఉండదు, కావాలంటే పీకేయొచ్చు. ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ ఈసీయూ (ఇంజిన్ను నడిపే కంప్యూటర్) ఫ్యూజుల జోలికి వెళ్లకూడదు. ముందు అద్దం పక్క స్తంభం లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే వైరు దాని వెనక నుంచి పోవాలి. ముందు నుంచి తీస్తే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ఆ వైరే అడ్డం.

ఇక బ్యాటరీ భయం. కారు ఆగున్నప్పుడు కెమెరా కాపలా కాసే పద్ధతే పార్కింగ్ మోడ్. పార్కింగ్ మోడ్‌లో కెమెరా 0.3 ఆంపియర్ల చుట్టుపక్కల తాగుతుంది. పది గంటలకు 3 ఆంపియర్ అవర్లు, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి లెక్కలోది కాదు. కారు కదపకుండా అరకులో మూడు రాత్రులుంటే మాత్రం పాత బ్యాటరీ మొరాయిస్తుంది. కిట్‌లో కటాఫ్, అంటే బ్యాటరీ ఎంతకు దిగితే కెమెరా ఆగిపోవాలన్న వోల్టేజీ, 11.8 మీద పెట్టి వదిలేస్తారు. దాన్ని 12.2 వోల్టులకు మార్పించండి.

పార్కింగ్ మోడ్ అని పెట్టె మీద రాసినవన్నీ ఒకటి కావు. చవక రకాలు దెబ్బ తగిలాక నిద్ర లేస్తాయి. అవి మేలుకునేసరికి గుద్దినవాడు వీధి మలుపు తిరుగుతుంటాడు. బఫర్డ్ రికార్డింగ్ ఉన్నదైతే దెబ్బకు ముందు పది పదిహేను సెకన్లు కూడా దాచిపెడుతుంది. మాకు వాచ్‌మన్ చేతులూపడం దొరికింది అందువల్లే. కెమెరా కొనేటప్పుడు బొమ్మ స్పష్టత చెప్పే 4కే అన్న అంకె కంటే ముందు అడగాల్సింది ఇదీ, లోపల బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉందా అన్నదీ. లిథియం బ్యాటరీ పెట్టిన కెమెరా మన మే నెల ఎండలో అద్దం వెనక ఉడికి, బెలూన్‌లా ఉబ్బుతుంది.

హైదరాబాద్ నుంచి విశాఖ, 620 కిలోమీటర్లు, ఏ గొడవా లేకుండా గడిచింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోళ్లలో ఎక్కడా ఆగలేదు. కాకపోతే ఇంత దూరానికి కెమెరా మెమరీ కార్డు లెక్క చూసుకోవాలి. ముందు కెమెరా 4కే, వెనకది 1080 మీద పెడితే గంటకు 19 జీబీ దాకా పోతుంది. 128 జీబీ కార్డు ఆరు గంటల్లో నిండి, పాతదాని మీదే మళ్లీ రాసుకుంటుంది. అంటే పొద్దున సూర్యాపేట దగ్గర జరిగింది సాయంత్రం అనకాపల్లి చేరేసరికి ఉండదు. 256 జీబీ, అదీ పదే పదే రాసినా తట్టుకునే హై ఎండ్యూరెన్స్ రకమే తీసుకోండి. ఫోన్లలో వేసే మామూలు కార్డు ఏడాది తిరక్కుండా చచ్చిపోతుంది, చచ్చినట్టు చెప్పదు కూడా. నెలకోసారి కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి.

పొద్దున్నే తూర్పుకు పోతుంటే ఎదురెండకు డాష్‌బోర్డు నీడ అద్దంలో పడి బొమ్మ పాలిపోతుంది. 600 పెట్టి, అద్దం మెరుపును కోసే సీపీఎల్ ఫిల్టర్ లెన్సుకు తగిలిస్తే సగం తగ్గుతుంది. వీడియోలో దీపాలు మినుకుమనకుండా చూసే ఫ్లికర్ సెట్టింగ్ 50 హెర్ట్జ్ మీద, టైమ్ జోన్ 5:30 మీద ఉన్నాయో లేదో చూడండి. గడియారం తప్పున్న వీడియోను అవతలి లాయరు మొదట పట్టుకునేది అక్కడే. ఎదురొచ్చే బండి నంబరు రాత్రిపూట ఏ కెమెరాకూ సరిగా దొరకదు. మైకు ఆన్ చేసి నంబరును గట్టిగా చదవడం ఒక్కటే ఉపాయం. మిగతా సమయంలో మైకు ఆపేయండి. కార్లో పెట్టుకున్న కబుర్లన్నీ అందులో ఉంటాయి, వాటిని లాడ్జి మేనేజరు ముందు ప్లే చేస్తే బాగోదు. విశాఖలో నేవీ వాళ్ల "ఫొటోలు నిషేధం" బోర్డులున్న వైపు వెళ్తే కెమెరానే ఆపేయడం మంచిది.

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక ఇంకో తంటా. కుదుపును పసిగట్టే జీ-సెన్సర్ హై మీద ఉంటే ప్రతి గుంతకూ ఒక ఫైలు లాక్ అవుతుంది. లాక్ అయినవి వాటంతటవి చెరగవు కాబట్టి గాలికొండ చేరేలోపు కార్డు నిండిపోయి రికార్డింగ్ ఆగుతుంది. కదిలేటప్పుడు "లో" (తక్కువ) మీద, పార్క్ చేశాక "మీడియం" మీద పెట్టండి. అరకులో ప్రహరీ, గేటు ఉన్న రిసార్టు 4,000, రోడ్డు వార టెంటు 1,800 చెప్పారు. కారులో వచ్చినవాళ్లకు మొదటిదే నయం. టెంట్ల దగ్గర బళ్లు ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు, వెనక కెమెరాకు కనిపించేది పక్క బండి టైరే. బొంగు చికెన్ బాగుంది, వదిన అలక తీరింది కూడా అక్కడే.

నిజంగా ప్రమాదం జరిగితే ముందు 108, హైవే మీదైతే 1033. తర్వాత లాక్ బటన్ నొక్కి, కెమెరాకు కరెంటు ఆపి, కార్డు బయటికి తీయాలి. ఆ కార్డును అలాగే దాచి, కొత్తది వేసుకోండి. ఫైలును వాట్సాప్‌లో వీడియోగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 2024 జూలై 1న అమల్లోకి వచ్చాక, కాపీని కోర్టుకిస్తే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి. దానిలో పార్ట్ "ఏ"ను వీడియో ఇచ్చేవాళ్లు, పార్ట్ "బీ"ని నిపుణుడు నింపుతారు. అందులో ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాయాలి. విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ కొడితే ఎస్‌హెచ్ఏ-256 విలువ వస్తుంది. కాపీ చేసిన రోజే దాన్ని రాసిపెట్టుకోండి. ఎడిట్ చేసిన క్లిప్పు, పాట కలిపిన క్లిప్పు ఎందుకూ పనికిరావు.

మోటర్‌హోమ్ అద్దెకు తీసుకునేవాళ్లకు ఇంకో రెండు మాటలు. ట్రావెలర్ లాంటి బండికి డబ్బాలో వచ్చే 6 మీటర్ల వెనక కెమెరా వైరు చాలదు, పైకప్పు చుట్టూ తిప్పాలంటే 10 మీటర్లకు పైనే కావాలి. కెమెరాను ఇంటి సామానుకు కరెంటిచ్చే బ్యాటరీకి కలపడం సుఖం. అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే కారుకు చెప్పిన 12.2 కటాఫ్ ఎందుకూ కొరగాదు, ఆ వోల్టేజీకి దిగేసరికి బ్యాటరీ దాదాపు ఖాళీ. 12.8 దగ్గర పెట్టండి. బండి అప్పగించేటప్పుడు డిపాజిట్‌లో కోత పెట్టేది ఎక్కువగా పైకప్పు అంచుల గీతలకే. తీసుకునే రోజే నిచ్చెనెక్కి పైభాగం వీడియో తీసి, యజమాని ఎదుటే అతని నంబరుకు డాక్యుమెంటుగా పంపండి.