మొత్తం కొలెస్ట్రాలా, నాన్-హెచ్‌డీఎలా?

గుంటూరు బ్రాడీపేటలో రక్తపరీక్ష చేయించుకుని బయటికొచ్చే చాలామంది, రిపోర్టు చేతికందగానే మొత్తం కొలెస్ట్రాల్ 200 దాటిందా లేదా అన్నదే ముందు చూసుకుంటారు. ఆ అంకె చదవడానికి తేలికే గాని, మనవాళ్ల రక్తం తీరుకు అది సరిపోదు. తమిళనాడు, మహారాష్ట్ర, ఝార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగి 2014లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనంలో (ఆంధ్ర అందులో లేదు) మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారు 13.9 శాతమే కాగా, మేలు చేసేదిగా పేరున్న హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నవారు ఏకంగా 72.3 శాతం.

మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసివేయగా మిగిలేదే, అంటే రక్తనాళాలకు హాని చేసే కొలెస్ట్రాలే, నాన్-హెచ్‌డీఎల్. ఇద్దరు అన్నదమ్ములకు మొత్తం 190 వచ్చిందనుకుందాం. అన్నకు హెచ్‌డీఎల్ 32, తమ్ముడికి 65. మొదటి అంకెను బట్టి ఇద్దరూ నిశ్చింతగా ఉండవచ్చు. రెండవదాన్ని బట్టి తమ్ముడు 125తో సాధారణ హద్దయిన 130 లోపే ఉండగా, అన్న 158కి చేరాడు. పైగా దీనికి పరగడుపున వెళ్లనక్కరలేదు, పెసరట్టు తిని వెళ్లినా పెద్ద తేడా రాదు. చెడు కొలెస్ట్రాల్‌గా పేరున్న ఎల్‌డీఎల్‌ను లెక్కగట్టే ఫ్రీడ్‌వాల్డ్ సూత్రమైతే, రక్తంలోని మరో రకం కొవ్వయిన ట్రైగ్లిజరైడ్లు 400 దాటగానే పనికిరాదు.

శిబిరాలలో వందల మందిని త్వరగా వడపోయడానికి మొత్తం కొలెస్ట్రాల్ చాలు గాని, ఒక మనిషికి మందు అవసరమా అని తేల్చేచోట నేను నాన్-హెచ్‌డీఎల్ వైపే మొగ్గుతాను.