పని మధ్యలో ఆగితే ఏది మేలు: గడువు పెంచడమా, 60-సీనా, కొత్త టెండరా?

నేను సెక్షన్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, ఉన్న రోజుల్లో వాగు మీద ఒక వంతెన సగంలో ఆగిపోయింది. పునాదికి నేలలో దించే పైల్స్ అయ్యాయి, రెండు పిల్లర్లు లేచాయి, మూడోదానికి చువ్వలు కట్టి వదిలేశారు. కాంట్రాక్టరు గట్టిగా లెస్ వేసి, అంటే అంచనా కంటే బాగా తక్కువ రేటుకు, పని పట్టుకున్నాడు. ఆ తర్వాత సిమెంటు, స్టీలు ధరలు పెరిగాయి. పైగా మా ఆఫీసు నుంచి అతని బిల్లులు రెండు తొమ్మిది నెలలు కదల్లేదు. చువ్వలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలైనా పూయించమని నోటీసు రాశాను. తీసుకోవడానికి సైటులో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. అతనికీ మూడు నెలల జీతం బాకీ.

ఇలాంటి ఫైలుకు ముందు మూడు దారులుంటాయి. ఉన్నవాడికే గడువు పెంచడం ఒకటి, దాన్నే ఈఓటీ (ఎక్స్‌టెన్షన్ ఆఫ్ టైమ్) అంటాం. పనిలో కొంత భాగం అతని చేతిలోంచి తీసి ఇంకొకరికి ఇవ్వడం రెండోది, 60-సీ. ఒప్పందం మూసేసి మళ్లీ టెండరు పిలవడం మూడోది. మూడింటికీ ఒక్కచోటే ఉదాహరణ కావాలంటే పోలవరం ఉండనే ఉంది.

ఈఓటీ ఇచ్చారనగానే జనానికి కుమ్మక్కు వాసన కొడుతుంది. ఒక్కోసారి అది నిజమే. కానీ ముందు తేలాల్సింది ఆలస్యం ఎవరిదని. భూమి అప్పగించనిదీ, కరెంటు స్తంభాలు పక్కకు జరిపించనిదీ, బిల్లు ఆపిందీ మనమే అయితే, జరిమానా వేసినా కోర్టులో నిలవదు. పెరిగిన ధరలూ చివరికి మన నెత్తినే పడతాయి. పోలవరం హెడ్‌వర్క్స్‌కు, అంటే డ్యాం, వరద నీటిని వదిలే స్పిల్‌వే లాంటి ప్రధాన కట్టడాలకు, 2013లో రూ.4,054 కోట్లకు ఈపీసీ ఒప్పందం కుదిరింది. 2016లో ఆ అంచనాను 2015-16 రేట్లకు మార్చి రూ.5,385.91 కోట్లు చేశారు. ఈపీసీ అంటే డిజైనూ నాదే, పరిమాణం పెరిగితే ఆ భారమూ నాదే అని కాంట్రాక్టరు ఒప్పుకున్నట్టు. మరి రేట్లు ఎందుకు పెంచాలన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది. పెంచాక కూడా పని ఊపందుకోలేదు. చేతిలో పెట్టుబడి లేనివాడికి ఎన్ని నెలలు గడువిచ్చినా మిషన్లు రావు, కూలీలు రారు.

60-సీ మన దగ్గరి ఒప్పందాల్లో పాతకాలపు క్లాజు. కాగితం మీద చూస్తే దీన్ని మించింది లేదు: వెనకబడిన భాగం వేరేవాళ్లు చేస్తారు, అదనంగా అయ్యే ఖర్చు మొదటివాడి దగ్గర వసూలు చేస్తారు. 2018 ఫిబ్రవరిలో పోలవరం స్పిల్‌వే కాంక్రీటు పనుల్లో ఇదే చేశారు. వచ్చిన సంస్థ పాత రేట్లకే ఒప్పుకుంది. 2019 జనవరిలో అక్కడ 24 గంటల్లో 32,315.5 ఘనపు మీటర్ల కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. రికార్డుల సంబరం అటుంచితే, పని వేగం మాత్రం కళ్లకు కనబడింది. చిక్కేమిటంటే, 60-సీ కింద పని చాలాసార్లు టెండరు లేకుండా నామినేషన్ మీదే, అంటే నేరుగా ఎంచుకున్నవాళ్లకే, పోతుంది. ఎవరికి ఇచ్చారు, ఎందుకిచ్చారు అన్న ప్రశ్న దాన్ని వదలదు. పెద్ద పనికి పెద్ద సంస్థ పాత రేటుకు వస్తుందేమో గానీ, మా వంతెనకు ఎవరూ రాలేదు. ముగ్గురిని అడిగాం. ఒకాయన సైటు దాకా వచ్చి, టీ తాగి, "సార్, ఈ రేటుకు మీరే చేసుకోండి" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఇక కొత్త టెండరు. 2019లో పోలవరం ఒప్పందాలు ముందే మూసేసి రివర్స్ టెండరుకు, అంటే వచ్చిన తక్కువ రేటు నుంచి ఇంకా కిందికి పాడే వేలానికి, వెళ్లారు. హెడ్‌వర్క్స్‌లో మిగిలిన పని, జలవిద్యుత్ కేంద్రం కలిపి రూ.4,987 కోట్ల విలువకు 12.6 శాతం తక్కువ పలికింది. అంటే దాదాపు రూ.629 కోట్ల ఆదా. కాంట్రాక్టరును మారిస్తే ఆలస్యమూ ఖర్చూ పెరుగుతాయని పోలవరం ప్రాజెక్టు అథారిటీ అప్పుడే హెచ్చరించింది. విద్యుత్ కేంద్రం ఒప్పందంపై హైకోర్టు స్టే వచ్చి అక్టోబరు 31న తొలిగాక, నవంబరులో పని మొదలైంది. స్పిల్‌వే మట్టుకు కొత్త సంస్థ నిలబెట్టింది, 2021 జూన్‌లో గోదావరిని దాని మీదుగా మళ్లించారు. నది గర్భంలో జరిగింది వేరు. పని కోసం నదికి అడ్డంగా వేసే తాత్కాలిక కట్టల్లో, అంటే కాఫర్ డ్యాంలలో, వదిలిన ఖాళీల గుండా వరద ఒక్కచోటే ఉరికి, 2018లో పూర్తయిన డయాఫ్రం వాల్‌ను, అంటే డ్యాం కింద నీరు ఊరకుండా నేలలోకి దించిన గోడను, దెబ్బతీసింది. దాని బదులు 1,396 మీటర్ల కొత్త గోడను దాదాపు రూ.990 కోట్లతో 2025 జనవరిలో మొదలుపెట్టారు.

629ని, 990ని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేయడం తేలికే. అది న్యాయం కాదు. ముంపు ఊళ్లు ఖాళీ కాకపోవడం వల్ల ఆ ఖాళీలు కాంట్రాక్టరు మారకముందే మిగిలాయి. తప్పు మీదంటే మీదని పార్టీలు ఇప్పటికీ తిట్టుకుంటున్నాయి. అయినా టెండరు లెక్కల్లో ఆదాకు ఒక గడి ఉంటుంది, పోయే సీజనుకు గడి ఉండదు. నదిలో పనికి జూన్ దాటితే నవంబరు దాకా దారి లేదు. నా అభ్యంతరమంతా అక్కడే.

అందుకే నీళ్లలో సగం పనుంటే నా ఓటు ఈఓటీకే, కానీ ఉత్తగా కాదు. ముందు పాత బిల్లులు తీర్చాలి. నెలనెలా ఎంత పని జరగాలో రాయించుకోవాలి. రెండు నెలలు తప్పితే ఆ భాగం మాత్రం 60-సీ కింద తీసేయాలి. గేట్లు, విద్యుత్ కేంద్రం, అప్రోచ్ రోడ్ల లాంటివి విడదీయడానికి వీలైన పనులు, అక్కడ 60-సీ బాగా నడుస్తుంది. మళ్లీ టెండరు ఇంకా గునపం దిగని పనికి మంచిది, పునాది తడిగా ఉన్నదానికి కాదు.

మా వంతెన మూడో దారిలోనే పోయింది. అప్పటిదాకా అయిన పనిని ఇరుపక్షాలూ కలిసి కొలిచే ఉమ్మడి కొలతలకు పదకొండు రోజులు పట్టింది, ఎందుకంటే పాత కాంట్రాక్టరు మనిషి ఒక్కో కొలతకూ పేచీ పెట్టాడు. కొత్తాయన పాత పైల్స్‌కు తను గ్యారంటీ ఇవ్వనన్నాడు, పరీక్షలకు ఇంకో అంచనా వేశాం. చువ్వలు వైర్ బ్రష్‌తో గీకిస్తే కొన్ని సన్నబడినట్టు తేలింది, కోసి కొత్తవి కట్టించాం. పాత రేటుకు పదిహేను శాతం పెంచి మొదటాయనకే ఇచ్చుంటే ఒక వానాకాలం ముందే స్లాబు పడేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పుడు ఆ మాట ఫైలులో రాసే ధైర్యం నాకు లేకపోయింది, ఆడిట్ వాళ్లు మొదట అడిగేది ఆ పదిహేను శాతం గురించే కదా.