కార్తె చూసుకుని కెమెరా: వరంగల్ చుట్టూ ఏ కాలంలో ఎటు పోవాలి

వరంగల్‌లో కొత్తగా కెమెరా కొన్నవాళ్లు మొదట అడిగేది ఒకటే: "లక్నవరం పోవాలా, బొగత పోవాలా?" ఒకటి చెరువు, ఇంకోటి జలపాతం, రెండూ మంచి చోట్లే. కాకపోతే ఏప్రిల్‌లో బొగతకు పోయినవాళ్లకు బండలు దొరుకుతాయి, ఆగస్టు ఆదివారం లక్నవరం పోయినవాళ్లకు జనం తలకాయలు దొరుకుతాయి. మన దిక్కు ఫొటోలకు చోటు కన్నా కార్తె ముఖ్యం. పేరున్న చోట్లన్నీ ఒక్కసారి చుట్టి రావడం కన్నా, ఒకే చెరువును చలికాలం, ఎండాకాలం, వానాకాలం చూసినవాళ్ల దగ్గరే మంచి ఫొటోలు ఉంటాయని నా నమ్మకం.

ఆ ఒకే చెరువు ఏదంటే, నా ఓటు పాఖాలకే. వరంగల్ నుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు, నర్సంపేట దాటి ఖానాపురం మండలంలో ఉంటుంది. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో, గుట్టల నడుమ కట్ట వేసి నీళ్లను ఆపారు. చుట్టూ అభయారణ్యం. ఇక్కడి నుంచి కిందికి పోయే ఏరే ఖమ్మం దగ్గరికి వచ్చేసరికి మున్నేరు అవుతుంది. ఇంత చరిత్ర ఉన్నా జనం తక్కువ, హంగులు ఇంకా తక్కువ. అదే దీని గొప్ప.

డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజామున మంచు నీళ్ల మీద పరుచుకుంటుంది. ఎండ ఎక్కితే అరగంటలో అంతా విడిపోతుంది. అందుకని హన్మకొండలో చీకటితోనే బండి తీయాలి, లేదా ముందు రోజు రాత్రి నర్సంపేటలో పడుకోవాలి. కట్ట దగ్గర బస దొరుకుతుందన్న ఆశతో బయల్దేరవద్దు. నర్సంపేటలో నేను దిగిన ఒక లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది. తెల్లారి నాలుగున్నరకు కిందికి దిగితే గేటుకు తాళం, తాళంచెవి ఉన్న అబ్బాయి ఎక్కడ పడుకున్నాడో ఎవరికీ తెలియదు. అతన్ని వెతికి లేపేసరికి తూర్పు తెల్లబడింది. లాడ్జిలో వైఫై ఉందా అని కాదు, పొద్దున ఎన్నింటికి గేటు తీస్తారని అడగాలి. ఇంకో మాట: రాత్రి ఏసీ గదిలో పెట్టిన కెమెరాను వానాకాలంలో ఒక్కసారిగా బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముకుంటుంది. బ్యాగు జిప్పు తీయకుండానే కాసేపు బయట ఉంచితే ఆ తలనొప్పి ఉండదు.

పాఖాలలో పిట్టలు దూరంగా ఉంటాయి. మూడు వందల మిల్లీమీటర్ల లెన్సు కూడా ఒక్కోసారి చాలదు. చలికాలంలో వచ్చే బాతులు చెరువు నడిమధ్యలో నల్ల చుక్కల్లా తేలుతుంటాయి. వాటి కోసం కళ్లు కాయలు కాచేలా చూడటం కన్నా ఒడ్డున ఉన్న లకుముకి పిట్టలను, నీటికాకులను పట్టుకోవడం మేలు. కట్ట మీద వల దులుపుతున్న ఒక పెద్దాయన నా లెన్సును ఎగాదిగా చూసి, "గంత దూరం ఏం జూస్తవ్ తమ్మీ, తూము దిక్కు పో, నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకునేది ఆడనే" అన్నాడు. ఆయన చెప్పిన చోట మోడుబారిన చెట్టు మీద నీటికాకి రెండు రెక్కలూ బార్లా చాపి కూర్చుంది. దాని ఈకలు నీళ్లకు తడిసిపోతాయి, అందుకే ప్రతి మునక తర్వాత అలా ఆరబెట్టుకోక తప్పదు. అంతసేపు కదలకుండా కూర్చునే పిట్ట కొత్తగా నేర్చుకునేవాళ్లకు వరమే. తిండి మాత్రం నర్సంపేటలోనే కట్టించుకుని పోవాలి. నీళ్లు కూడా.

ఫిబ్రవరి, మార్చిలో అదే దారిలో చెరువుకు పోకముందే ఆగిపోతాం. నర్సంపేట, దుగ్గొండి, నల్లబెల్లి వైపు కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంటుంది. ఈ ప్రాంతపు చపాటా మిర్చి పొట్టిగా, లావుగా, ముదురు ఎరుపులో ఉంటుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ. నడి మధ్యాహ్నం తీస్తే ఆ ఎరుపు ఫొటోలో ముద్దలా వస్తుంది. సాయంత్రం ఏటవాలు ఎండలో ఒక్కో కాయ మెరుపు విడిగా తెలుస్తుంది. కల్లంలోకి చెప్పులతో దిగకండి, రైతును అడిగి దిగండి. కొంచెంసేపు మాట్లాడితే వాళ్లే చాయ్ ఇస్తారు.

అప్పటికే అడవిలో మోదుగు పూసి ఉంటుంది. ఆకు లేకుండా కొమ్మంతా నిప్పురంగు. దీనికి తాడ్వాయి దారి మంచిది. ములుగు, పస్రా దాటాక రోడ్డుకు రెండు వైపులా అడవే. 2024 ఆగస్టు 31న సుడిగాలికి వేల చెట్లు నేలకూలింది ఈ తాడ్వాయి, మేడారం అడవిలోనే. ఇక్కడ అటవీశాఖ గుడిసెలు ఉన్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. సౌకర్యాల మాట ఎలా ఉన్నా, తెల్లారేసరికి అడవిలో ఉంటాం, అదే చాలు. ఫోన్ సిగ్నల్ మీద భరోసా పెట్టుకోవద్దు, పెట్రోలు ములుగులోనే నింపుకోండి.

మార్చి చివర, ఏప్రిల్‌లో పోతే ఇప్పపూలు. రాత్రంతా రాలి, పొద్దున్నకు చెట్టు కింద లేత పసుపు ముత్యాల్లా పరుచుకుంటాయి. పువ్వు వేలితో నొక్కితే రసం ఊరి అంటుకుంటుంది, వాసన గది నిండా రెండు రోజులు ఉంటుంది. కోయ ఆడవాళ్లు చీకటితో వచ్చి చెట్టు కింద శుభ్రం చేసి ఏరుకుంటారు. వాళ్లకది ఏడాదికోసారి వచ్చే ఆదాయం, మన ఫొటో కోసం పూలు తొక్కుతూ అటూ ఇటూ తిరిగితే ఎవరికైనా కోపం వస్తుంది. "అక్కా, ఫొటో తీసుకోవచ్చా?" అని అడిగి, వద్దంటే కెమెరా దించేయాలి. తొమ్మిది దాటితే ఎండాకాలంలో ఎలాగూ పని లేదు. నేల మీంచి లేచే వేడి గాలికి దూరపు బొమ్మ అలల్లా ఊగుతుంది, ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా పదును రాదు.

వానాకాలం అంటే అందరికీ బొగతే. వరంగల్ నుంచి ఏటూరునాగారం, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన, వాజేడు మీదుగా నూట ముప్పై కిలోమీటర్లు పైనే. మొదటి వరదలో నీళ్లు ఎర్రమట్టి రంగులో దుంకుతాయి, చూడ్డానికి భయంగా బాగుంటుంది కానీ ఫొటోకు అంత నప్పదు. వానలు కాస్త తెరిపిచ్చాక, ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబర్ దాకా, ధార తెల్లబడుతుంది. నీళ్లు పాలనురుగులా రావాలంటే షట్టర్ సెకనులో నాలుగో వంతు దగ్గర ఉంచాలి, దానికి ట్రైపాడ్, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉండాలి. తుంపర్లు లెన్సు మీద పడుతూనే ఉంటాయి, ఒక్క గుడ్డ ఏ మూలకూ సరిపోదు. ఉధృతి ఎక్కువున్నప్పుడు సిబ్బంది దిగనివ్వరు, వాళ్లతో వాదన పెట్టుకోకండి. బొంగు చికెన్ దొరుకుతుంది, బాగుంటుంది. కానీ నిజం చెప్పాలంటే, ఒక్క రోజులో పోయి రావడం ఒంటికి శిక్షే. ఏటూరునాగారంలోనో తాడ్వాయిలోనో రాత్రి ఆగేట్టయితేనే పోవాలి, అదీ మామూలు రోజున.

జలపాతం కోసం అంత దూరం ఎందుకు అనిపిస్తే, వానాకాలంలో ఊరి బయటి బావి దగ్గరికి పోండి. గిజిగాడు గూడు కట్టేది అప్పుడే. మగపిట్ట ఈతాకు అంచున ముక్కుతో గాటు పెట్టి, పట్టుకుని ఎగిరిపోతుంది. ఆకు దారంలా చీలి దాని వెంట వస్తుంది. గూడు సగమై బోర్లించిన టోపీలా ఉన్నప్పుడు ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి చూస్తుంది, నచ్చితేనే మిగతా గొట్టం కట్టడం. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది, మగది పక్కన ఇంకోటి మొదలుపెడుతుంది. బావి అవతలి గట్టున కూర్చుంటే పిట్ట బెదరదు. దీనికి టికెట్ లేదు, పార్కింగ్ లేదు, గది అద్దె లేదు.

లక్నవరం సంగతి వేరు. గోవిందరావుపేట మండలంలో ఉన్న ఈ చెరువుకు బస విషయంలో సాటి లేదు. హరిత కాటేజీలు, దీవులను కలిపే వేలాడే వంతెనలు, పడవలు అన్నీ ఉన్నాయి. పొద్దుటిపూట వచ్చి సాయంత్రం పోయేవాళ్లకు దొరకనిది అక్కడ పడుకున్నవాళ్లకు దొరుకుతుంది: పడవలు మొదలు కాకముందు కదలని నీళ్లు, మనిషి లేని వంతెన. అద్దె ఎక్కువ అనిపించినా ఆ ఒక్క గంటకు ఇవ్వొచ్చు. శని, ఆదివారాలు మాత్రం స్పీకర్ల మోతకు కొంగలు కూడా నిలవవు. ఎండాకాలంలో నీళ్లు తగ్గి ఒడ్డు బురద బయటపడుతుంది, అప్పుడు డబ్బు దండగ. చెరువు నిండి మత్తడి పోసిన తర్వాత, అక్టోబర్, నవంబర్‌లలో పొండి.

ఆ దారిలోనే జంగాలపల్లి దగ్గర తిరిగితే పాలంపేట రామప్ప. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గుడి తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే పోతే ఎర్రటి ఇసుకరాయి రంగు బాగా పడుతుంది. నల్లరాతి మదనికలకు, అంటే ఆడ శిల్పాలకు, పక్క నుంచి వచ్చే వెలుగు కావాలి, లేకపోతే నగల చెక్కడం కనబడదు. ట్రైపాడ్‌కు అనుమతి అడుగుతారు. రామప్ప చెరువు పక్కనే, తీరిక ఉంటే కట్ట మీద ఓ గంట.

బతుకమ్మ రోజుల్లో ఎటూ దూరం పోనక్కర్లేదు. ధర్మసాగర్ వైపు, ఇనుపరాతి గుట్టల కింద తంగేడు పసుపు, గునుగు తెలుపు చేల గట్ల మీదే ఉంటాయి. దసరాకు పాలపిట్టను పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడిగేవాళ్లు కనబడతారు, వాళ్ల ముందు కెమెరా తీయకండి, డబ్బులూ ఇవ్వకండి. అది నేరం, పిట్టకు నరకం. ఊరు దాటితే కరెంటు తీగ మీద అదే పిట్ట ఉచితంగా కూర్చుని ఉంటుంది, ఎగిరినప్పుడు రెక్కల నీలం చూడాలి. ఊళ్లోనే భద్రకాళి చెరువు అనుకునేవాళ్లు నీళ్ల సంగతి కనుక్కుని పోండి, 2024 నవంబర్‌లో పూడిక తీయడానికి నీళ్లన్నీ వదిలేశారు.

ఇక కవ్వాల్ అడవి. కరీంనగర్, లక్సెట్టిపేట మీదుగా జన్నారం చేరి, అక్కడ రాత్రి ఉండి పొద్దున సఫారీకి పోవచ్చు. 2012లో పులుల అభయారణ్యం అయిందని పులి కోసం పోతే నిరాశే, జింకలు, మనుబోతులు, అదృష్టం ఉంటే అడవిదున్న. దీనికి ఎండాకాలమే మేలు, ఆకు రాలి చూపు ఆనుతుంది, జంతువులు నీళ్ల దగ్గరికి వస్తాయి. జీపులో మిగతా సీట్లు ఎవరితో నిండుతాయన్న దాని మీద సగం ఫొటోలు ఆధారపడి ఉంటాయి. నలుగురు స్నేహితులు కలిసి మొత్తం జీపు మాట్లాడుకుంటే ఎక్కడ ఆపాలో, ఎంతసేపు ఆగాలో డ్రైవర్‌కు మనమే చెప్పొచ్చు.