లాగిన్‌కు పాస్‌వర్డా, ఓటీపీయా?

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా డిగ్రీ ప్రాజెక్టుకు వెబ్‌సైటో యాపో మొదలుపెట్టిన పిల్లలకు ముందుగా వచ్చే తండ్లాట ఇది.

ఖర్చు: పాస్‌వర్డ్‌కు పైసా అక్కర్లేదు. ఓటీపీకి ప్రతి ఎస్సెమ్మెస్‌కూ డబ్బు పడుతుంది, టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో (ఎస్సెమ్మెస్‌లు పంపేవాళ్ల వివరాలుండే వేదిక) నమోదూ ఉండాలి.

ముప్పు: పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు డేటాబేస్‌లో పెట్టొద్దు, దయచేసి. పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేని అక్షరాల వరసగా మార్చే ఎండీ5 అనే పాత పద్ధతి కూడా వద్దు. అది మరీ వేగం, దొంగ సెకనుకు కోట్ల ఊహలు సరిచూస్తాడు. అదే పనికి 1999లో వచ్చిన బీక్రిప్ట్ కావాలనే నిదానంగా నడుస్తుంది, ప్రతి పాస్‌వర్డ్‌కూ వేరే సాల్ట్ (ఏవో కొన్ని అదనపు అక్షరాలు) కలుపుతుంది. పైథాన్‌లో రెండు మూడు లైన్ల పనే.
ఓటీపీకైతే గడువు, ప్రయత్నాల పరిమితి తప్పనిసరి. లేకుంటే ఆరంకెల ఓటీపీలన్నీ వరసగా కొట్టి చూస్తారు.

నేర్చుకునేటప్పుడు పాస్‌వర్డ్ లాగిన్‌కే కోడ్ రాయండి. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తెచ్చే రైతుల కోసమైతే ఓటీపీ నయం, గుర్తుపెట్టుకునే పని ఉండదు.