ఒకే ఇంట్లో మూడు రకాల ఇటుకలు: ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మాది తెనాలి. కింది వాటా 2006లో ఎర్ర ఇటుకతో కట్టాం. మేడ మీద వాటా 2013లో బూడిద ఇటుకతో, అదే ఫ్లై యాష్ ఇటుకతో లేచింది. ఆపైన 2019లో వేసిన గది మొత్తం ఏఏసీ బ్లాకులే, అంటే లోపల సన్నటి గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలు. మూడూ ఒకే ఎండకు ఎండి, ఒకే వానకు తడిసిన గోడలు. అందుకే పోల్చి రాస్తున్నాను.

ముందు ఎర్ర ఇటుక. మా వైపు రేగడి మట్టితో చేస్తే ఇటుక ఆరేటప్పుడే బీటలు తీస్తుంది. అందుకని గోదావరి వైపు నుంచి లారీలో తెప్పించాం, ఊకతో కాల్చిన ఇటుక. ఒకే బట్టీలోదైనా అంతా ఒకేలా కాలదు. నడుమ పేర్చినది బాగా కాలుతుంది, అంచుల్లోది సగం సగమే. మా మేస్త్రి గారు రెండు ఇటుకలు తీసుకుని ఒకదానికొకటి తాటించి చూసేవారు. ఖంగున మోగితే పనికొచ్చినట్టు. మొద్దుగా పలికిన వాటిని పక్కన పడేసి, ‘ఇది కాల్లేదండీ, నీళ్లు తగిలితే మెత్తబడుద్ది’ అనేవారు. గోటితో గీస్తే గీత పడకూడదని కూడా ఆయనే చూపించారు.

నేను మాత్రం తూకం వేసి చూశాను. బాగా ఆరిన ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్లలో ముంచి, తడి తుడిచి మళ్లీ తూచాలి. మామూలు రకం ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది. అంటే మూడు కిలోల ఇటుక నానాక మూడు కిలోల ఆరు వందల గ్రాములు దాటకూడదు. కూరగాయల కాటా ఉంటే చాలు, ఇల్లు కట్టే ప్రతివాళ్లూ చేసుకోగల పరీక్ష ఇది. దయచేసి మానొద్దు.

ఇన్నేళ్లలో కింది గోడల్లో పగులు లేదు, మేకు ఎక్కడ కొట్టినా నిలిచింది. ఇబ్బందల్లా ఉప్పు. బాత్రూమ్ వెనక గోడకు మోకాలి ఎత్తు వరకు తెల్లగా పొడి లేస్తుంది. చేత్తో రాస్తే రంగుతో పాటు రాలుతుంది. డెల్టాలో భూమిలో నీరు పైపైనే ఉంటుంది కదా, ఆ చెమ్మ ఇటుక సందుల్లోంచి పైకెక్కుతుంది. తడి ఆరిపోయాక అందులో కరిగిన లవణాలు గోడ మీద మిగిలిపోతాయి. ఎంత రంగు వేసినా అది ఆగదు, బేస్‌మెంట్ మీద చెమ్మ ఎక్కకుండా వేసే పొర గట్టిగా ఉండాలి. కొనే ముందు ఇటుకలోనే ఉప్పుందో లేదో తెలుసుకోవడం కూడా తేలికే. పళ్లెంలో అంగుళం నీళ్లు పోసి ఇటుకను నిలబెట్టి, ఆ నీళ్లు ఆవిరైపోనివ్వాలి, మళ్లీ పోసి మళ్లీ ఆరనివ్వాలి. సగానికి మించి తెల్లబడితే ఆ లోడు వద్దు.

బూడిద ఇటుక గురించి చాలామందికి అనుమానం. నాకు లేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద మాకు దగ్గరే. బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీ లేకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి మన విశాఖలో శాస్త్రవేత్తలు భానుమతీదాస్, కాళిదాస్‌ల కృషి. పొలం పైమట్టి తవ్వక్కర్లేదు, ఊకా బొగ్గూ తగలెయ్యక్కర్లేదు. అన్నీ ఒకే కొలత కాబట్టి గోడ తిన్నగా వస్తుంది, ప్లాస్టరింగ్ పల్చగా సరిపోతుంది. అయితే ఇది నీళ్లతో గట్టిపడే సరుకు. యార్డులో రెండు మూడు వారాలైనా తడపాలి. మాకు వచ్చిన ఒక లోడు పచ్చిగానే వచ్చింది. దించేటప్పుడే మూలలు పొడిపొడిగా రాలాయి. అమ్మినతను ‘రెండ్రోజులు ఎండితే గట్టిపడతాయి’ అన్నాడు. ఒప్పుకోలేదు, వెనక్కి పంపేశాం. పడమటి గోడ ప్లాస్టరింగ్‌లో వెంట్రుకంత నెర్రెలు వచ్చాయి. రెండోసారి రంగు వేసేటప్పుడు పూడ్చాం, మళ్లీ రాలేదు.

ఏఏసీ బ్లాకు పెద్ద సుగుణం బరువు తక్కువ కావడం. ఘనపు మీటరుకు ఆరు వందల కిలోల చిల్లర, ఎర్ర ఇటుకైతే పదహారు వందల పైమాటే. పాత స్లాబు మీద గది లేపుతున్నాం కాబట్టి ఇంజనీరు ఇదే వేయమన్నారు. రంపంతో కోస్తే తెగుతుంది, కరెంటు పైపులకు గాడి తీయడం నిమిషాల పని. మధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెడితే కింది వాటా గోడంత వేడిగా ఉండదు. అలాగని గది చల్లగా ఉంటుందని ఆశపడకండి, వేడంతా స్లాబు నుంచే దిగుతుంది. బరువు తగిలించడం దగ్గరే దీని బలహీనత. మామూలు ప్లగ్గు వేసి బిగించిన టీవీ స్టాండు వదులైపోయింది. పొడుగు నైలాన్ ప్లగ్గులు వేశాకే నిలిచింది. గీజరుకైతే గోడ అవతలి దాకా బోల్టు దించి ప్లేటు పెట్టాం. పిట్టగోడ పైభాగాన చిన్న పగులు వచ్చినా నీళ్లు బాగా పీలుస్తుంది, వానాకాలానికి ముందే చూసుకోవాలి.

ధర చూసేటప్పుడు ఒక్కో ఇటుక లెక్కన చూడకండి. ఒక నాలుగంగుళాల బ్లాకు ఆరేడు ఇటుకల చోటు నింపుతుంది, దాన్ని అతికే గమ్ము విడిగా కొనాలి. ఇసుక, సిమెంటు, కూలి కలిపి గోడ చదరపు అడుగుకు ఎంత పడుతుందో లెక్క కట్టండి.

ఇప్పుడు మా తమ్ముడు పక్క స్థలంలో మొదలుపెడుతున్నాడు. నేల నుంచి కిటికీ మట్టం దాకా బాగా కాలిన ఎర్ర ఇటుక, ఆపైన బయటి గోడలకు తడిపి మాగిన బూడిద ఇటుక, గదుల మధ్య అడ్డుగోడలకు మాత్రం ఏఏసీ వేయమని చెప్పాను. రెండు రకాలు కలిసే చోట, స్తంభం పక్కన ప్లాస్టరింగ్ లోపల చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగల వల) కొట్టించమన్నాను.