సగం కారు ఇంజన్, ఒకే ఒక్క సీటు

ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేసి బతికినవాణ్ణి. ఇంట్లోనే కట్టుకునే చిన్న విమానం ‘లీగల్ ఈగిల్’ ప్లాన్లు చేతికి వచ్చిన రోజున ఇదంతా నల్లేరు మీద బండి నడక అనుకున్నాను. మొదటి వారంలోనే రెండు గొట్టాలకు బొక్కలు పెట్టాను. గేట్లు, గ్రిల్లులు అతికిన చెయ్యి కదా! ఈ 4130 క్రోమోలీ ఉక్కు గొట్టం గోడ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. నెల రోజులు తుక్కు ముక్కల మీద సాధన చేసి, అతుకులను రంపంతో కోసి లోపల చూసుకున్నాకే మళ్లీ చట్రం ముట్టుకున్నాను. గొట్టం చివరను చేప నోరులా అరగదీసి పక్క గొట్టం మీద సందు లేకుండా కూర్చోబెట్టడంలోనే సగం పని ఉంది. సందు మిగిలితే వెల్డింగ్ లోహంతో పూడ్చాలని చెయ్యి లాగుతుంది. ఆ లోహానికీ బరువుంటుంది.

లెనార్డ్ మిల్‌హాలండ్ గీసిన ఈ విమానానికి బరువే ప్రాణం. అమెరికాలో అతి తేలిక విమానాల కోసం 1982లో వచ్చిన పార్ట్ 103 నియమాల కింద ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, అంటే సుమారు 115 కిలోల లోపు ఉండాలి. ఇంధనం 5 గ్యాలన్లు మించకూడదు. అప్పుడు పైలట్ లైసెన్స్ అక్కరలేదు. పేరులో ‘లీగల్’ అందుకే.

రంగు దగ్గర తప్పు చేశాను. మెరుపు కోసం తోకకు రెండు పూతలు ఎక్కువ వేశాను. తోక ఎక్కడో వెనక ఉంటుంది కాబట్టి అక్కడ పెరిగిన కాస్త బరువుకు ముందు వైపు అంతకు కొన్ని రెట్లు మోయాలి. ఆ రంగు గీకిన రోజుల్లో ఇంకో తోక చేసి ఉండవచ్చు.

ఇంజన్ మాత్రం ముచ్చటైనది. ఫోక్స్‌వ్యాగన్ కారు ఇంజన్‌ను సగానికి కోసి రెండు సిలిండర్లు ఉంచుకున్నదే. ఫోర్ స్ట్రోక్ కాబట్టి పెట్రోలులో ఆయిల్ కలిపే బాధ లేదు. నెమ్మదిగా తిరిగేటప్పుడు అద్దాలు కదిలిపోయేంత వణుకుతుంది, అలవాటైపోతుంది.

ఎగరడంలో ఒక్క సంగతి. ఇంత తేలికైన బండికి ఊపు నిలవదు. థ్రాటిల్ (ఇంజన్ జోరు పెంచి తగ్గించే పిడి) తగ్గించిన క్షణంలోనే ముక్కు దించకపోతే వేగం చప్పున పడిపోతుంది. పెద్ద విమానాల అలవాటున్నవారే ఇక్కడ ఎక్కువ జాగ్రత్తపడాలి.

వెల్డింగ్ రానివారు ముందు అది నేర్చుకుని ప్లాన్లు కొనండి. నేనైతే మళ్లీ కట్టమన్నా కడతాను. పూర్తయ్యాక మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, “నాకు చోటు లేకుండా ఎంత శ్రద్ధగా కట్టుకున్నారండీ!” అన్నది.