పళ్ళ సందుల బ్రష్‌తో మూడేళ్ళు

మూడేళ్ళ క్రితం జామకాయ కొరికితే దాని మీద నెత్తురు మరక పడింది. అంతకు చాలా ముందు నుంచే ఉదయం ఉమ్మిన నురగ ఎర్రగా ఉండేది. గట్టిగా తోమితే పోతుందనుకుని గట్టి కుచ్చు బ్రష్ వాడేవాణ్ణి. దంతవైద్యురాలు పంటికీ చిగురుకూ మధ్య సన్నని కొలత పుల్ల పెట్టి చూసి, "కుడివైపు దవడ పళ్ళ దగ్గర 5 మిల్లీమీటర్ల లోతుంది. 3 దాటకూడదండీ" అన్నారు. పంటి ముఖాలు శుభ్రంగానే ఉన్నాయి, సందుల్లో పాచి మాత్రం గారకట్టింది. ఆమె గార తీసి, ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడమన్నారు. సన్నని తీగ చుట్టూ కుచ్చు ఉండే చిన్న బ్రష్ అది.

గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయని మా ఇంట్లో పెద్దలు భయపెట్టారు. తీయించుకున్నాక పళ్ళ మధ్య ఖాళీలు తెలిసిన మాట, చల్లనీళ్ళు జివ్వుమన్న మాట నిజమే. కానీ ఆ ఖాళీలు అప్పుడు పుట్టినవి కావు. ఇన్నాళ్ళూ గార, వాచిన చిగురు వాటిని కప్పి ఉంచాయి. పళ్ళు కదిలేది చిగుళ్ళ జబ్బు ముదిరి ఎముక కరిగినప్పుడు. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. చిగురు వాపు దగ్గరే ఆగితే మాత్రం పూర్తిగా నయమవుతుంది. ఈ తేడా నాకు ఇరవై ఏళ్ళ ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మొదటి వారం బ్రష్ పెట్టిన ప్రతిచోటా నెత్తురు వచ్చింది. చాలామంది సరిగ్గా ఇక్కడే భయపడి మానేస్తారు, దయచేసి మానకండి. నాకు రెండు వారాలకు నెత్తురు తగ్గింది, నెలకు ఆగింది. నోటి వాసన కూడా పోయింది. ఆరు నెలలకు మళ్ళీ కొలిస్తే ఆ 5 కాస్తా 3 అయింది.

సైజు విషయంలో తొందరపడకూడదు. నేను మొదట దుకాణంలో దొరికింది తెచ్చి బలవంతంగా దూర్చాను. తీగ వంగింది, చిగురు గీసుకుపోయింది. కుచ్చు రెండు పళ్ళకూ తగులుతూ, తీగ మాత్రం ఒరుసుకోకుండా వెళ్ళాలి. నాకు వెనక పళ్ళకు ఒక సైజు, ముందు వాటికి ఇంకా సన్నది కావాల్సి వచ్చింది. కింది ముందు పళ్ళ మధ్య ఏదీ పట్టదు, అక్కడ ఫ్లాస్ దారమే. ఒక్కో బ్రష్ వారం, పది రోజులు వస్తుంది. ఊరికి వెళ్ళినప్పుడు దొరకదు కాబట్టి సంచిలో రెండు ఎక్కువ పెట్టుకుంటాను.

రాత్రి పడుకునే ముందు నాలుగు నిమిషాలు పడుతుంది. మామూలు బ్రష్ కూడా మెత్తనిదానికి మారాను, చిగురు అంచున కాస్త వాల్చి చిన్నగా కదుపుతాను. ఇంత చేసినా ఏడాదికోసారి కింది ముందు పళ్ళ లోపలివైపు కొంచెం గార కడుతూనే ఉంది. గట్టిపడ్డాక దాన్ని ఏ బ్రష్షూ తీయలేదు, క్లినిక్‌కు వెళ్ళాల్సిందే.

మా నాన్నగారికి షుగర్ ఉంది. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపు కష్టమవుతుంది. ఆయనకు ఇప్పటికే నాలుగు దవడ పళ్ళు లేవు. నిరుటి నుంచి మిగిలిన వాటికి లావు సైజు బ్రష్ తెచ్చిపెడుతున్నాను. చేయి వణుకుతుందని పొడవు పిడి ఉన్నది చూశాను. రాత్రి ఇద్దరం అద్దం ముందు నిలబడతాం. వెనక సందులు ఆయనకు అందకపోతే నేనే చేస్తాను.